నల్లరేగడిలో ఐరిస్ పూయించుకున్నాను

శ్రీనగర్ నుంచి తెచ్చుకున్న ఐరిస్ దుంపలను గుంటూరులో మా పెరటి నల్లరేగడిలో అల్లం నాటినట్టు లోతుగా పాతాను. తప్పు అక్కడే జరిగింది. శ్రావణం వానలకు రేగడి నీళ్లు పట్టి ఉబ్బింది. పది రోజుల్లో దుంపలు మెత్తబడి దుర్వాసన వచ్చింది. ఎంత బాధపడ్డానో!

మిగిలిన రెండింటికి కుళ్లిన భాగం కోసేసి, నీడలో ఆరబెట్టాను. అడుగు ఎత్తున మడి కట్టి, మట్టికి సమంగా ఇసుక కలిపి, దుంప పైభాగం ఎండకు కనిపించేలా నాటాను. కుళ్లు ఆగింది. ఆకులు విసనకర్రలా విచ్చుకున్నాయి, పువ్వు మాత్రం రాలేదు. రేకుల మీద గడ్డంలాంటి నూగు ఉండే ఈ రకం మొగ్గ కట్టాలంటే గట్టి చలికాలం కావాలి. మట్టి మార్చగలిగాను గానీ గుంటూరుకు ఆ చలి ఎక్కడిది?

అందుకే అదే మడిలో ఐరిస్ డొమెస్టికా గింజలు వేశాను. బెలంకాండా అని పిలిచే ఈ మొక్కను డీఎన్ఏ ఆధారాలతో 2005లో ఐరిస్ ప్రజాతిలో చేర్చారు. వేడిని చక్కగా తట్టుకుంది. రెండో ఏడు నారింజ రేకుల మీద ఎర్రటి చుక్కలతో పూసింది! ఒక్కో పువ్వు ఒక్కరోజే ఉంటుంది, వాడాక తాడులా మెలిపడుతుంది. కాయ పగిలితే లోపల నిగనిగలాడే నల్లటి గింజల గుత్తి. పక్కింటి పిన్నిగారికి ఓ గుప్పెడు ఇచ్చాను.