ఈకలు రాలుతున్నాయా, చిలక పీక్కుంటోందా? లక్షణం చూసి కారణం పట్టుకోవడం ఎలా

పంజరం కింది ట్రేలో ఉన్నట్టుండి గుప్పెడు ఈకలు కనిపిస్తే ఇళ్లలో రెండు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. మామూలుగా ఈకలు మార్చుకుంటున్న (దీన్నే మౌల్టింగ్ అంటారు) పక్షికి జబ్బు చేసిందని కంగారుపడి మందులు పోయడం ఒకటి. నిజంగానే పీక్కుంటున్న పక్షిని చూసి "మౌల్టింగే, అదే తగ్గిపోతుంది" అని నెలల తరబడి వదిలేయడం రెండోది. నష్టం రెండోదాంతోనే ఎక్కువ. పీకుడు అలవాటుగా ముదిరితే మాన్పించడం చాలా కష్టం. పదేపదే పీకినచోట ఈక మొలిచే కుదురు దెబ్బతింటుంది, అక్కడ ఇక ఈక రాదు.

ఇది బెంగళూరు ఇళ్లలో పెరిగే బడ్జీ, కాక్‌టీల్, లవ్‌బర్డ్, కన్యూర్, ఆఫ్రికన్ గ్రే లాంటి విదేశీ చిలక జాతుల కోసం. మన రామచిలుకలను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అలాంటి పక్షి మీ దగ్గరికి చేరితే బాల్కనీలోంచి వదిలేయకండి, పంజరంలో పెరిగింది బయట బతకలేదు. అటవీశాఖకు అప్పగించండి.

మొదట రాలిన ఈకను చూడండి

ట్రేలోంచి ఓ పది ఈకలు ఏరి తెల్లకాగితం మీద పరవండి. తనంతట తాను రాలిన ఈక నిండుగా ఉంటుంది. అంచులు చెక్కుచెదరవు. కాడ మొదలు సన్నగా, శుభ్రంగా, లోపల ఖాళీగా, కొంచెం పారదర్శకంగా కనిపిస్తుంది. పీకిన ఈక అలా ఉండదు. కాడ వంగి గానీ నలిగి గానీ ఉంటుంది, దాని మీద ముక్కు గాట్లు పడతాయి. ఇంకా పెరుగుతున్న ఈకను పీకితే మొదట్లో ముదురు రంగు, ఒక్కోసారి ఎండిన రక్తం కనిపిస్తాయి. పదింటిలో రెండు మూడు ఇలా ఉన్నా అనుమానించాల్సిందే.

ఈకకు అడ్డంగా సన్నటి గీతలు కనిపిస్తే అవి ఒత్తిడి గీతలు. ఆ ఈక పెరుగుతున్న రోజుల్లో పక్షికి తిండో ఆరోగ్యమో నిద్రో సరిగ్గా లేదని అర్థం. ఒకటి రెండు ఈకల మీద ఉంటే పట్టించుకోనక్కర్లేదు. రెక్క ఈకలన్నిటి మీదా ఒకే ఎత్తులో ఉంటే ఆ సమయంలో ఇంట్లో ఏం మారిందో గుర్తుచేసుకోండి.

తర్వాత తలను చూడండి

పక్షి ముక్కు దాని తలకు అందదు. కారణాన్ని సగం తేల్చేసేది ఈ ఒక్క విషయమే.

తల మీద ఈకలు నిండుగా ఉండి ఛాతీ, తొడలు, రెక్కల కింద బోసిగా ఉంటే పక్షి తానే పీక్కుంటోంది. తల కూడా బోసిపోతే అది దాని ముక్కు పని కాదు. జత పక్షి పీకుతూ ఉండాలి, లేదా పురుగులో, వైరస్సో, ఇంకో జబ్బో ఉండాలి. తల మీద చిన్న చిన్న ముళ్లలా తెల్లటి గొట్టాలు లేచి కనిపిస్తుంటే మాత్రం మౌల్టింగే. అవి పిన్ ఫెదర్లు, తొడుగులోంచి ఇంకా విప్పుకోని కొత్త ఈకలు.

పసుపు-తెలుపు లుటినో కాక్‌టీల్‌కి జుట్టు వెనక చిన్న బట్టతల పుట్టుకతోనే వస్తుంది. దానికి వైద్యం లేదు, అవసరమూ లేదు.

మామూలు మౌల్టింగ్ ఎలా సాగుతుంది

రెక్క ఈకలు జతగా రాలతాయి. కుడి రెక్కలో ఒకటి రాలితే కొద్ది రోజుల్లో ఎడమ రెక్కలో అదే స్థానంలో ఇంకొకటి రాలుతుంది. చర్మం బయటపడేంత ఖాళీ ఎక్కడా రాదు, పాతది పోతుండగానే కొత్తది తోసుకొస్తుంది. ఒక విడత ఇంచుమించు ఆరు నుంచి ఎనిమిది వారాలు నడుస్తుంది. బడ్జీలు ఏడాదిలో కొన్నిసార్లు కొద్దికొద్దిగా మారుస్తాయి. ఆఫ్రికన్ గ్రే లాంటి పెద్ద చిలకలు ఏడాది పొడవునా నెమ్మదిగా మారుస్తూ ఉంటాయి.

"వసంతంలో, శరత్తులో మౌల్టింగ్" అనే మాట చలిదేశాల లెక్క. బెంగళూరులో పొట్టి పగటికీ పొడుగు పగటికీ తేడా గంటన్నరే. పైగా హాల్లో రాత్రి పదకొండు దాకా లైట్లు వెలుగుతుంటాయి. ఇంట్లో ఉండే పక్షికి రుతువు స్పష్టంగా తెలియదు, కాబట్టి నెలను చూసి మౌల్టింగ్ అని నిర్ధారించకండి.

ఈ రోజుల్లో పక్షి చిరాకుగా ఉంటుంది, ఎక్కువ నిద్రపోతుంది, గోక్కుంటుంది, ముట్టుకోనివ్వదు. అది సహజం. ఈకలో తొంభై శాతం దాకా ప్రోటీనే, కాబట్టి తిండి పెంచాలి. కాక్‌టీల్ సైజు పక్షికి వారానికి రెండుసార్లు బొటనవేలి గోరంత ఉడికించిన గుడ్డు, రోజూ ఓ చెంచా పెసర మొలకలు పెట్టండి. మొలకలు పులిసిన వాసన వస్తే పారేయండి. వారానికి మూడుసార్లు పొద్దున పూట గోరువెచ్చని మామూలు నీళ్లు పైనుంచి వానజల్లులా స్ప్రే చేస్తే తొడుగులు మెత్తబడి దురద తగ్గుతుంది. జనవరి నుంచి మార్చి దాకా బెంగళూరు గాలి బాగా పొడిబారుతుంది, అప్పుడు ఇది మానొద్దు. పంజరం తలుపు తీసేముందు సీలింగ్ ఫ్యాన్ ఆపండి.

పిన్ ఫెదర్లను గోటితో గిల్లి విప్పకండి. ఎదుగుతున్న ఈకలో రక్తం ఉంటుంది.

లక్షణం, కారణం, పరిష్కారం

రాత్రిళ్లు గోక్కోవడం, నిద్రపట్టక కదులుతూ ఉండడం: ఎర్ర పురుగు కావచ్చు. అది పగలు పంజరం సందుల్లో దాక్కుని రాత్రి రక్తం తాగుతుంది. రాత్రి పంజరం మీద తెల్లగుడ్డ కప్పి, తెల్లవారకముందే టార్చి వేసి గుడ్డ లోపలివైపు చూడండి. కదిలే ఎర్ర, నల్ల చుక్కలుంటే అవే. అపార్ట్‌మెంట్లలో ఇవి ఏసీ బయటి యూనిట్ మీద పావురాలు వదిలేసిన గూళ్ల నుంచి రావచ్చు. ఖాళీ గూడు తీసేయండి, పంజరాన్ని మరిగే నీళ్లతో కడిగి ఎండబెట్టండి, పక్షి కూర్చునే చెక్క కొమ్మలు (పెర్చ్‌లు) మార్చేయండి. పక్షికి మందు మాత్రం డాక్టరే తూకం చూసి వేయాలి. కుక్కల స్ప్రే వాడితే పక్షి చచ్చిపోవచ్చు.

బడ్జీ ముక్కు చుట్టూ, కాళ్ల మీద తేనెతుట్టెలా తెల్లటి పొర: ఇది వేరే పురుగు. వైద్యం తేలిక, ఆలస్యం చేస్తేనే ముక్కు వంకర పోతుంది.

పొద్దున లేచేసరికి విరిగిన ఈకలు, రక్తపు చుక్కలు: కాక్‌టీల్ అయితే చీకట్లో బెదిరి కొట్టుకుని ఉంటుంది. దగ్గర్లో సన్నటి నైట్ ల్యాంప్ పెట్టండి.

ఈకల చివర్లు కత్తిరించినట్టు, కాడలు మిగిలి ఉండడం: పీకడం కాదు, నమలడం. ఇటీవల రెక్కలు కత్తిరించారేమో చూసుకోండి. మొరటుగా కోసిన కాడలు ఒంటికి గుచ్చుకుంటుంటే పక్షి వాటిని కొరుకుతూనే ఉంటుంది.

ఛాతీ, పొట్ట దగ్గర మాత్రమే బోసి, పక్షి చీకటి మూలల్లో దూరడం, కాగితాలు చింపడం: గుడ్లు పెట్టే తాపత్రయం. గూడు పెట్టె, అట్టపెట్టె తీసేయండి. వీపు, తోక కింద నిమరకండి, తల వరకే. వెలుతురు రోజుకు పది గంటలకు మించకుండా చూడండి. గుడ్ల మీద కూర్చున్న పక్షికి పొట్ట కింద బోసి పడటం మాత్రం సహజమే.

కొత్త ఈకలే వంకరగా, మధ్యలో నొక్కినట్టుగా, తొడుగు విడవకుండా రావడం, తల మీద కూడా: ముక్కు-ఈకల జబ్బు అనే వైరస్ అనుమానం. ఎక్కువగా చిన్న వయసు పక్షుల్లో వస్తుంది. రక్తం, ఎదుగుతున్న ఈకలతో పీసీఆర్ పరీక్ష చేయించాలి. ఆ వైరస్‌ను పోగొట్టే మందు లేదు, పక్షిని వేరుగా ఉంచడమే మార్గం. అందుకే బజారు నుంచి తెచ్చిన కొత్త పక్షిని కనీసం నెల రోజులు వేరే గదిలో ఉంచమని చెప్పేది.

పచ్చటి నీళ్ల విరేచనం, విపరీతమైన దాహం, నీరసం, దాంతోపాటు పీకుడు: పంజరం జింక్ పూత తీగదేమో చూడండి. తీగ మీద తెల్లటి పొడి లేచి ఉంటే పక్షి దాన్ని కొరికి విషం తింటోందన్నమాట. ఎక్స్‌రే, రక్తపరీక్ష కావాలి. పంజరాన్ని స్టెయిన్‌లెస్ స్టీలు గానీ మంచి పౌడర్ కోటింగ్ ఉన్నది గానీ చేయండి.

చర్మం పొరలు పొరలుగా లేవడం, ముక్కు రంధ్రాల దగ్గర పొక్కు: పొద్దుతిరుగుడు గింజలు, కొర్రలు తప్ప ఇంకేం తినని పక్షుల్లో విటమిన్ ఏ తక్కువై ఇలా అవుతుంది. రోజూ రెండు చెంచాల క్యారెట్, గుమ్మడి, చిలగడదుంప, మునగాకు తురుము పెట్టండి. గింజల నుంచి పెల్లెట్లకు (పక్షుల కోసం తయారుచేసిన గుళికల తిండికి) మార్చాలంటే మూడు నాలుగు వారాలు తీసుకోండి. ఆ రోజుల్లో రోజూ పొద్దున, తిండికి ముందు, ఒక గ్రాము తేడా చూపే వంటింటి కాటాపై తూచండి. 90 గ్రాముల కాక్‌టీల్ 81కి దిగిందంటే పాత తిండి వెంటనే తిరిగి ఇచ్చి డాక్టరుకు చూపించాలి.

దోమల చుట్ట, అగరుబత్తి, సాంబ్రాణి పొగ కూడా పక్షి చర్మానికీ ఊపిరికీ పడదు. సిగరెట్ తాగిన చేతులు కడుక్కోకుండా పక్షిని ఎక్కించుకోకండి. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ నిమిషాల్లో ప్రాణం తీస్తుంది.

ఒత్తిడి అని చివరికే తేల్చాలి

పైవన్నీ కొట్టేశాకే ఒత్తిడి అనండి. "స్ట్రెస్" అని ముందే పేరు పెట్టి బొమ్మలు కొంటూ కూర్చుంటే అసలు జబ్బు లోపల ముదురుతుంది. పీకుడు కనిపించిన వారంలోపే డాక్టరు పరీక్ష అయిపోవాలి. హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఉంది. ప్రైవేటు క్లినిక్ అయితే పక్షుల్ని చూసే డాక్టరు ఉన్నారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, చాలాచోట్ల కుక్కలు, పిల్లులనే చూస్తారు. తాజా రెట్ట, రాలిన ఈకలు, తిండి ప్యాకెట్ ఫోటో పట్టుకెళ్లండి.

ఈలోగా పాత ఫోను ఒకటి పంజరం ఎదురుగా పెట్టి మూడు రోజులు వీడియో తీయండి. మీరు లేనప్పుడే పీక్కుంటే ఒంటరితనమో, ఏమీ తోచకపోవడమో. మీరు ఆడిస్తున్నప్పుడు కూడా ఆగి ఆగి పీక్కుంటుంటే దురదో నొప్పో ఉందని అర్థం, మళ్లీ డాక్టరు దగ్గరికే వెళ్లాలి. రోజూ ఒకే వేళకు మొదలైతే ఆ వేళకు ఏం జరుగుతోందో చూడండి.

బెంగళూరులో ఒత్తిడి ఎక్కువగా ఎక్కడి నుంచి వస్తుందో ఊహించడం కష్టం కాదు. మొదటిది గద్దలు. బాల్కనీ ఎదురుగా నీళ్ల ట్యాంకు మీద గద్ద వాలి చూస్తుంటే చిలకకు అది క్షణక్షణం ప్రాణభయం. పంజరాన్ని లోపలికి జరిపి ఒక వైపు గోడకు ఆనించండి, రెండు వైపులా గుడ్డ వేయండి, దాక్కునే చోటు దొరుకుతుంది. పై ఫ్లాట్లో డ్రిల్లింగ్ నడుస్తుంటే ఆ వారం పంజరాన్ని దూరపు గదికి మార్చండి.

రెండోది నిద్ర. చిలకకు పది పన్నెండు గంటల చీకటి, నిశ్శబ్దం కావాలి. టీవీ ఉన్న హాల్లో అది దొరకదు. ఏడున్నరకల్లా వేరే గదిలో చిన్న నిద్ర పంజరంలో పెడితే చాలు. పెద్దగా ఖర్చు లేని ఈ ఒక్క మార్పే చాలా పక్షులకు బొమ్మలకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

మూడోది ఇంట్లో మార్పు. ఇంటి నుంచి పనిచేసినవాళ్లు మళ్లీ ఆఫీసుకు వెళ్లడం, ఇల్లు మారడం, సంక్రాంతికి అందరూ నాలుగు రోజులు ఊరెళ్లి పక్కింట్లో వదిలేయడం. ఊరెళ్లేముందు ఆ పక్కింటివాళ్లు వారం పాటు రోజూ వచ్చి తిండి పెట్టేలా అలవాటు చేయండి. వీలైతే పంజరం మీ ఇంట్లోనే ఉంచి వాళ్లనే రమ్మనండి.

ముక్కుకు పని ఇవ్వాలి. గిన్నెలో నింపిన గింజలు పది నిమిషాల్లో అయిపోతే మిగిలిన పగలంతా పక్షికి ఈకలే ఆట. రోజు తిండిలో సగం కాగితం పొట్లాల్లో, మొక్కజొన్న పొట్టులో, తాటాకు మడతల్లో చుట్టి ఐదారు చోట్ల వేలాడదీయండి. మొదటి రెండు రోజులు పొట్లం సగం తెరిచి ఉంచాలి, లేకపోతే వెతకడం తెలియక ఆకలితో ఉంటుంది. జామ, వేప కొమ్మలు మందులు చల్లనివి తెచ్చి కడిగి పెర్చ్‌లుగా పెడితే తోలు ఒలుచుకుంటూ గడుపుతుంది.

పీకుతున్నప్పుడు "ఏయ్" అని అరవకండి, పరుగెత్తుకెళ్లకండి. పీకితే మనిషి వస్తాడని అది నేర్చుకుంటుంది. బొమ్మతో ఆడుతున్నప్పుడు, ప్రశాంతంగా ఉన్నప్పుడు వెళ్లి పలకరించండి.

బోసి చర్మానికి కొబ్బరినూనె, పసుపు, వేపనూనె రాయకండి. ఈకలు అతుక్కుపోతాయి, ఒంటి వేడి నిలవదు, నాకి మింగుతుంది. మెడకు కాలర్ మీరే తయారుచేసి కట్టకండి. చర్మాన్ని కొరికి గాయం చేసుకునే పక్షికి మాత్రమే, డాక్టరు చేతి మీదుగానే అది పడాలి.

విరిగిన ఈక నుంచి రక్తం కారుతుంటే కార్న్ ఫ్లోర్ అద్ది, శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు ఆపకుండా ఈక మీదే నొక్కండి, ఛాతీని బిగించకండి. ముప్పై గ్రాముల బడ్జీ ఒంట్లో ఉండేది దాదాపు మూడు మిల్లీలీటర్ల రక్తం. ఆగకపోతే అర్ధరాత్రయినా ఆసుపత్రికే.

ఎంతకాలం చూడాలి

కారణం సరిదిద్దాక ప్రతి ఆదివారం ఒకే వెలుతురులో ఛాతీ, రెండు రెక్కలు ఫోటో తీయండి. ఈక పూర్తిగా పీకేసిన చోట, కుదురు బాగుంటే, కొన్ని వారాల్లో పిన్ ఫెదర్లు లేస్తాయి. నమిలి కాడ మిగిల్చిన చోట మాత్రం ఆ కాడ రాలే దాకా, అంటే తర్వాతి మౌల్టింగ్ దాకా, కొత్తది రాదు. చాలామంది ఇక్కడే వైద్యం పనిచేయలేదనుకుని మానేస్తారు. కాబట్టి బోసి ఎంత తగ్గిందని కాదు, కొత్తగా నమిలిన ఈకలు ట్రేలో ఎన్ని పడుతున్నాయని లెక్కపెట్టండి. ఆ లెక్క వారం వారం తగ్గుతుంటే సరైన దారిలోనే ఉన్నారు. ఆరు వారాలైనా తగ్గకపోతే ఆ ఫోటోలు, బరువు లెక్కలు తీసుకుని డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లండి.