చిన్న విండ్ టర్బైన్‌ను పరీక్షించే విండ్ టన్నెల్ తయారు చేయడం ఎలా?

సొంతంగా తయారు చేసుకున్న చిన్న విండ్ టర్బైన్‌ను చాలామంది టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టి చూస్తారు. తిరుగుతుందో లేదో దాంతో తెలుస్తుంది, అంతే. ఎంత బాగా పనిచేస్తోందో తెలియదు. ఎందుకంటే ఫ్యాన్ గాలి మెలి తిరుగుతూ వస్తుంది, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. గాలిలోని శక్తి వేగం ఘనాన్ని బట్టి మారుతుంది కాబట్టి వేగంలో 10 శాతం పొరపాటు జరిగితే శక్తి లెక్కలో 33 శాతం తేడా వస్తుంది. అందుకే ముందు గాలిని తిన్నగా, సమానంగా వచ్చేలా చేసుకోవాలి. టర్బైన్ సంగతి ఆ తర్వాత.

ఆ పని చేసే పెట్టెనే విండ్ టన్నెల్ అంటారు. దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. రైట్ సోదరులు 1901లో తమ సైకిల్ షాపులో ఆరడుగుల పొడవు, 16 అంగుళాల వెడల్పున్న చెక్క పెట్టెలోనే దాదాపు 200 రెక్కల నమూనాలను పరీక్షించారు.

మొదట సైజు తేల్చుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం ఇదే. రోటర్ (తిరిగే రెక్కల చక్రం) గీసే వృత్తం వైశాల్యం, పరీక్ష గది (పెట్టెలో టర్బైన్‌ను పెట్టే భాగం) అడ్డుకోత వైశాల్యంలో 10 శాతం దాటకూడదు. బయట ఖాళీ స్థలంలో అయితే టర్బైన్‌ను ఢీకొన్న గాలి పక్కలకు తప్పుకుని పోతుంది. పెట్టెలో గోడలు అడ్డం ఉంటాయి కాబట్టి తప్పుకోలేక రెక్కల మీదుగానే దూసుకుపోతుంది. టర్బైన్ ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. గాలిలోని శక్తిలో గరిష్ఠంగా 59.3 శాతమే తీసుకోగలమని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త బెట్జ్ లెక్క. మీ ఫలితం అది దాటిందంటే మీరు కొత్తది కనిపెట్టినట్టు కాదు, పెట్టె ఇరుకైనట్టు. 2000లో అమెరికాలోని నాసా ఏమ్స్ కేంద్రంలో 10 మీటర్ల రోటర్‌ను పరీక్షించినప్పుడు టన్నెల్ అడ్డుకోత 24.4 మీటర్ల ఎత్తు, 36.6 మీటర్ల వెడల్పు. లెక్క వేస్తే అడ్డు (అడ్డుకోతలో రోటర్ ఆక్రమించే వాటా) సుమారు 9 శాతమే.

మన టన్నెల్‌కు 50 సెం.మీ. చదరపు పరీక్ష గది, 17 సెం.మీ. వ్యాసం రోటర్ తీసుకుందాం. అడ్డు 9 శాతం వస్తుంది. సెకనుకు 8 మీటర్ల గాలిలో ఆ రోటర్‌కు అందే శక్తి 7 వాట్లు. అందులో పావు వంతు దక్కినా మంచి ఫలితమే.

గాలిని లాగాలి, నెట్టకూడదు

ఫ్యాన్ వెనక చివర ఉండాలి. ముందు పెడితే దాని మెలిక అంతా లోపలికి వస్తుంది. నా మొదటి పెట్టెలో ముందే పెట్టాను. తర్వాత ఎన్ని జాలీలు బిగించినా ఆ మెలిక పూర్తిగా పోలేదు, చివరికి విప్పి మళ్లీ కట్టాల్సి వచ్చింది.

ముఖద్వారం 122 సెం.మీ. చదరం, అంటే 8×4 ప్లైవుడ్ షీటు వెడల్పు. వైశాల్యంలో ఇది పరీక్ష గదికి దాదాపు ఆరు రెట్లు. గాలి ఆరు రెట్లు ఇరుకవుతూ వేగం పుంజుకునేటప్పుడు హెచ్చుతగ్గులు చాలావరకు సర్దుకుంటాయి.

ముఖద్వారంలో స్ట్రాలు పేర్చాలి. ప్లాస్టిక్ స్ట్రాలు 2022 జులై నుంచి నిషేధంలో ఉన్నాయి కాబట్టి 6 మి.మీ. కాగితం స్ట్రాలు తీసుకోండి. గొట్టం పొడవు వ్యాసానికి ఆరు నుంచి ఎనిమిది రెట్లు ఉంటే చాలు, కాబట్టి ఒక్కో స్ట్రాను సుమారు 5 సెం.మీ. ముక్కలుగా నాలుగు చేయవచ్చు. మొత్తం దాదాపు 12 వేల స్ట్రాలు పడతాయి. ఓపిక కావాలి, ఇంట్లోవాళ్ల సాయం కూడా. కష్టమనిపించి ఎయిర్ కూలర్ హనీకోంబ్ ప్యాడ్ పెట్టకండి. పేరు ఒకటే అయినా దాని దారులు ఏటవాలుగా ఒకదానికొకటి అడ్డంగా పోతాయి, గాలిని తిన్నగా చేయవు.

స్ట్రాల తర్వాత అడుగు దూరంలో ఒక దోమల జాలీ, మరో అడుగు తర్వాత ఇంకొకటి బిగుతుగా బిగించండి. జాలీలో కనీసం 58 శాతం ఖాళీ ఉండాలి. మరీ దట్టమైనది వాడితే గాలి చిన్న చిన్న ధారలుగా విడిపోయి మళ్లీ అసమానమవుతుంది.

రెండో జాలీ తర్వాత ఇంకో అడుగు ఖాళీ వదిలి, అక్కడినుంచి ఇరుకయ్యే భాగం మొదలుపెట్టండి. దాని పొడవు 120 సెం.మీ. గోడలు వంపు తిరగాలి, తిన్నగా గరాటులా కాదు. మధ్య గీత నుంచి గోడ దూరం మొదట్లో 61 సెం.మీ., 30 సెం.మీ. లోపలికి వెళ్లాక 57.3, సగంలో 43, 90 సెం.మీ. దగ్గర 28.7, చివర 25. ఈ కొలతలతో అట్ట మీద గీసి కార్పెంటర్‌కు ఇస్తే పల్చటి ప్లైవుడ్‌ను ఆ ఫ్రేముల మీద వంచి బిగిస్తాడు. అతుకులన్నీ సిలికాన్‌తో మూయాలి. లోపల ఒత్తిడి తక్కువ కాబట్టి చిన్న సందు ఉన్నా బయటి గాలిని పీలుస్తుంది.

పరీక్ష గది పొడవు ఒక మీటరు, ఒక పక్క యాక్రిలిక్ షీటు. దాని వెనక 50 నుంచి 60 సెం.మీ.కు మెల్లగా విప్పారే మీటరు పొడవు భాగం. ఒక్కో గోడ 3 డిగ్రీలే వాలుతుంది. అంతకంటే ఎక్కువ వాలితే గాలి గోడను వదిలేసి సుడులు తిరిగే ప్రమాదం ఉంది. చివర 24 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్. అర హెచ్‌పీ మూడు ఫేజుల మోటారుకు వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) పెడితే వేగాన్ని చక్కగా మార్చుకోవచ్చు.

ఫ్యాన్ ముందు గట్టి ఇనుప జాలీ తప్పనిసరి. 8 మీటర్ల గాలిలో రెక్క చివర గాలికి నాలుగు రెట్ల వేగంతో తిరిగితే, ఈ చిన్న రోటర్ నిమిషానికి దాదాపు 3,600 చుట్లు తిరుగుతుంది. రెక్క విరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి, రోటర్‌కు సరిగ్గా పక్కన, రెక్కలు తిరిగే వరుసలో నిలబడకండి.

టన్నెల్‌ను పరీక్షించాకే టర్బైన్‌ను

సీలింగ్ ఫ్యాన్లు ఆపి, తలుపులు మూసి, ఖాళీ పరీక్ష గదిలో 25 చోట్ల పిటాట్ ట్యూబుతో (గాలి ఒత్తిడిని బట్టి వేగం చెప్పే సన్నని గొట్టం) వేగం కొలవండి. ఆ ఒత్తిడిని దానికి కలిపిన నీటి గొట్టంలో చదువుతాం. 8 మీటర్ల వేగంలో వచ్చే ఒత్తిడి నీటి మట్టంలో 4 మి.మీ. కూడా ఉండదు, కంటితో చదవడం కష్టం. నీటి గొట్టాన్ని పదికి ఒకటి వాలులో పెడితే అదే 39 మి.మీ. అవుతుంది. గోడల దగ్గర వదిలేసి మిగతాచోట్ల 2 శాతం కన్నా ఎక్కువ తేడా ఉంటే స్ట్రాలు, జాలీలు మళ్లీ చూసుకోవాలి.

ఇప్పుడు రోటర్ బిగించండి. వైర్లకు బల్బు కలిపి వాట్లు చూస్తే జనరేటర్ నష్టం కూడా అందులో కలిసిపోతుంది, చిన్న మోటార్లలో అది చాలా ఎక్కువ. రెక్కల పని విడిగా తెలియాలంటే ఇరుసుకు 2 సెం.మీ. వ్యాసం కప్పీ పెట్టి, దారం చుట్టి, రెండు కొసల లాగుడు తేడా తూచండి. 1.7 వాట్ల దగ్గర ఆ తేడా 46 గ్రాములే, కాబట్టి నగలు తూచే ఎలక్ట్రానిక్ త్రాసు లాంటిది కావాలి. దారం మెల్లమెల్లగా బిగిస్తూ ప్రతిసారీ టాకోమీటరుతో (చుట్లు లెక్కించే పరికరం) చుట్లు రాసుకోండి. లాగుడు తేడా, చుట్లను బట్టి శక్తి లెక్కకడితే ఏ వేగం దగ్గర ఎక్కువ శక్తి వస్తోందో గ్రాఫ్‌లో కనిపిస్తుంది.

పైన లెక్కలకు గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు తీసుకున్నాను. మీరు మాత్రం ఉష్ణోగ్రత, వాతావరణ పీడనం కొలిచి మీ సాంద్రత కట్టుకోవాలి. సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున్న హైదరాబాద్‌లో, 40 డిగ్రీల ఎండలో అది సుమారు 1.05. పుస్తకాల్లో ఉండే 1.225 అక్కడ వాడి, రెక్కల ఎనిమోమీటరుతో (చిన్న ఫ్యాన్ తిరిగే తీరును బట్టి గాలి వేగం చెప్పే పరికరం) వేగం కొలిస్తే, గాలి శక్తిని 16 శాతానికి పైగా ఎక్కువ లెక్కేస్తారు. మంచి టర్బైన్‌ను అనవసరంగా పక్కన పెట్టేస్తారు.

ఇంకో జాగ్రత్త. ఇంత చిన్న రెక్కల మీద గాలి ప్రవర్తన పెద్ద రెక్కల మీద లాగా ఉండదు, కాబట్టి 17 సెం.మీ. రోటర్ ఫలితాన్ని మీటరు రోటర్‌కు నేరుగా అంటగట్టకూడదు. రెండు మూడు రెక్కల ఆకారాల్లో ఏది మెరుగో పోల్చుకోవడానికి ఈ టన్నెల్ బాగా పనికొస్తుంది. మీటరు రోటర్‌కే పరీక్ష కావాలంటే పరీక్ష గది 2.8 మీటర్ల చదరం ఉండాలి. అంత కట్టలేనివాళ్లు టర్బైన్‌ను ట్రాలీ మీద ఎత్తుగా బిగించి, గాలి లేని తెల్లవారుజామున ఖాళీగా ఉన్న సొంత స్థలంలోని దారిలో వాహనంతో లాగి కొలవవచ్చు. రెండువైపులా నడిపి సగటు తీసుకోవాలి.