పల్లె పిల్లల చదువుకు డబ్బు కట్టాలనుకుంటున్నారా? ఇలా మొదలుపెట్టండి

ఎవరినైనా చదివిద్దామనుకోగానే అందరూ అడిగేది "ఫీజెంత?" అని. సర్కారు బడిలో, సర్కారు జూనియర్ కాలేజీలో ఫీజు పెద్ద బరువు కాదు. పది పాసయ్యాక ఊరు దాటాల్సి వచ్చినప్పుడే చాలామంది చదువు ఆగిపోతుంది.

మొదటి పని: పది ఫలితాలొచ్చిన వారంలోనే ఊరి హైస్కూల్ హెడ్‌మాస్టర్‌ను కలవండి. "ఫస్టొచ్చిందెవరు?" అని అడగొద్దు. వాళ్లకు నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీలున్నాయి. "బాగా చదువుతూ మానేసేలా ఉన్నదెవరు?" అని అడగండి. ఆ పేరు ఆయనకు ఠక్కున గుర్తొస్తుంది.

తర్వాత సర్కారు నుంచి ఏమొస్తుందో చూడండి. ఆంధ్రలో తల్లికి వందనం కింద ఇంటర్ దాకా అమ్మ ఖాతాలో 13,000 పడతాయి. ఎనిమిదిలో కేంద్రం స్కాలర్‌షిప్ పరీక్ష ఎన్‌ఎంఎంఎస్ నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000. డిప్లొమా, డిగ్రీలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. దానికి ఆంధ్రలో జ్ఞానభూమి, తెలంగాణలో ఈపాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేయాలి. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, పది మెమోలో ఇంకోలా ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ఒక రోజు సెలవు పెట్టి ఆ కుటుంబంతో మీసేవకో సచివాలయానికో వెళ్లడం కూడా పెద్ద సాయమే.

ఇక ఖర్చుల చిట్టా. దాన్ని పిల్లల చేతే రాయించండి. పాలిటెక్నిక్‌లో చేరిన ఒకమ్మాయి నాకు నోట్‌బుక్ కాగితం మీద రాసిచ్చింది: డ్రాఫ్టర్, రికార్డులు, ఏప్రాన్, పరీక్ష ఫీజు, ఊరి నుంచి రోడ్డు దాకా ఆటో. (ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఉచితమే, కానీ ఆ బస్సు ఊళ్లోకి రావాలిగా!) అట్టడుగున పెన్సిల్‌తో "కళ్లద్దాలు" అని రాసి కొట్టేసింది. మేం ముందు కొన్నది అవే.

డబ్బు ఎలా ఇవ్వాలి? కాలేజీ, హాస్టల్ ఫీజులు నేరుగా అక్కడే కట్టి, విద్యార్థి పేరున రసీదు తీసుకోండి. చిల్లర ఖర్చులు నెలనెలా విద్యార్థి సొంత ఖాతాలో వేయండి. నేరుగా ఇస్తే ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. అది కావాలంటే అనుమతి ఉన్న ట్రస్టు ద్వారా ఇవ్వాలి. అందులోనూ 2,000 దాటితే నగదు పనికిరాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి అసలే లేదు. అమెరికాలో ఉంటూ ఇంకా భారత పాస్‌పోర్టే ఉన్నవాళ్లకు చిక్కు లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు మాత్రం ట్రస్టుకు విదేశీ విరాళాలు తీసుకునేందుకు కావాల్సిన ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు ఉందో లేదో ముందే అడగాలి.

ఒక్క ఏడాదికే మాటివ్వొద్దు. డిప్లొమా అంటే మూడేళ్లు. మూడేళ్లూ కట్టగలనంటేనే దిగండి. మధ్యలో వదిలేయడం కంటే మొదలే పెట్టకపోవడం నయం. కొంత పక్కన కూడా ఉంచుకోండి. నాకు తెలిసిన ఒక కుర్రాడికి రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు ఆపేస్తే, చేతిదాకా వచ్చిన ఉద్యోగం జారిపోయింది.

చెక్కు పట్టుకుని ఫొటోలు వద్దు. పదహారేళ్ల పిల్లలకు అది ఎంత నామోషీయో మనకు తెలియంది కాదు. సెమిస్టర్‌కోసారి మార్కులు అడగండి. ఒక సబ్జెక్టు పోయినా డబ్బు ఆపకండి. మళ్లీ రాయడానికి కట్టే ఫీజూ చిట్టాలో చేర్చండి.