కడప నుంచి విదేశాలకు పార్సిల్ వేసేవాళ్లకు: కిలో రేటు కంటే ముందు రసీదు చూడండి

నేను కడపలో మగ్గం వర్క్ బ్లౌజులు కుట్టించి అమెరికా, కువైట్, లండన్‌లలో ఉన్న మనవాళ్లకు పంపుతుంటాను. కడప, రాయచోటి వైపు కువైట్‌లో మనిషి లేని వీధి తక్కువ. అందుకే షాపుకు వచ్చినవాళ్లు బ్లౌజు సంగతి అయిపోగానే "అక్కా, పార్సిల్ ఎవరి దగ్గర వేస్తావు, కిలో ఎంత పడుతుంది?" అని అడుగుతారు. పార్సిల్ పోతే జవాబు చెప్పేది ఎవరో ముందు తేల్చుకోండి, రేటు తర్వాత మాట్లాడదాం అంటాను నేను.

మన ఊళ్లో దారులు మూడు. హెడ్ పోస్టాఫీసు ఒకటి. డీహెచ్ఎల్, ఫెడెక్స్ లాంటి పెద్ద కంపెనీలు రెండోది. మూడోది బజారులో 'ఇంటర్నేషనల్ కొరియర్' అని బోర్డు పెట్టుకున్న ఏజెంట్లు. ఎక్కువమంది వెళ్లేది ఈ మూడో చోటికే, ఎందుకంటే రేటు తక్కువ, ఇంటికొచ్చి తీసుకుపోతారు, ప్యాకింగ్ వాళ్లే చేస్తారు. ఈ ఏజెంటుకు సొంత విమానం ఉండదు. పది ఊళ్ల సరుకు హైదరాబాద్‌కో చెన్నైకో బెంగళూరుకో చేర్చి, ఒక్కటిగా కలిపి, హోల్‌సేల్ రేటుకు పెద్ద కంపెనీకి అప్పజెబుతారు. అందులో తప్పేమీ లేదు, రేటు తగ్గేది అక్కడే. కానీ ఏజెంట్ల మధ్య పోటీ పెరిగేకొద్దీ కిలోకు ఇరవై, ముప్పై తగ్గించడానికి ముందు కోత పడేది కాగితాల మీదే. పంపినవారి పేరు దగ్గర మీ పేరు పోయి ఏజెంటు పేరో, మీరెప్పుడూ వినని ఇంకో ఊరి కంపెనీ పేరో వస్తుంది.

మా వీధిలో ఒకామె కువైట్‌లో ఉన్న కూతురికి సీమంతం చీర, పిండివంటలు ఇలాగే పంపింది. పార్సిల్ చేరలేదు. ఏజెంటును అడిగితే పెద్ద కంపెనీకి ఇచ్చేశాం అన్నాడు. పెద్ద కంపెనీకి ఫోన్ చేస్తే, పంపినవారిగా మీ పేరు మా దగ్గర లేదు, ఇచ్చినవాళ్లనే అడగండి అన్నారు. ఆమె చేతిలో ఉన్నదల్లా డబ్బులు కట్టినట్టు రాసిచ్చిన చిన్న చీటీ. చీర ఖరీదు మాట అటుంచి, తన గోడు వినే మనిషే లేకపోవడం ఆమెను ఎక్కువ బాధపెట్టింది. నాకు ఇప్పటికీ అది తలుచుకుంటే కోపం వస్తుంది.

కాబట్టి మొత్తం డబ్బు ముందే ఇచ్చేయకండి. కొంత అడ్వాన్స్ ఇచ్చి, ఎయిర్ వే బిల్ (విమానంలో వెళ్లే సరుకుకు ఇచ్చే రసీదు) చేతికి వచ్చాక మిగతాది ఇవ్వండి. దాని మీద పంపినవారి పేరు మీదేనా, లోపల ఏముందో వివరంగా ఉందా, విలువ మీరు చెప్పినంతే వేశారా అని చూడండి. ట్రాకింగ్ నంబర్‌ను ఏ కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే వస్తుందో అక్కడే అడగండి. ఇంకో గుర్తు కూడా ఉంది. కొరియర్‌లో విదేశానికి పంపాలంటే పంపేవారి గుర్తింపు కార్డు కావాలి. మీ ఆధార్ లాంటి కార్డు ఏదీ అడగకుండానే పార్సిల్ తీసుకున్నారంటే అది వేరే ఎవరి పేరు మీదో వెళ్తోందేమోనని అనుమానించండి.

విలువ దగ్గర చాలామంది దెబ్బతింటారు. అంతర్జాతీయ విమాన రవాణాకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ఉంది, మన దేశం కూడా అందులో ఉంది. దాని ప్రకారం సరుకు పోతే బాధ్యత కిలోకు ఇంత అనే లెక్కనే. 2024 డిసెంబర్ చివరి నుంచి అది కిలోకు 26 ఎస్‌డీఆర్. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే డబ్బు లెక్క, 26 ఎస్‌డీఆర్ అంటే మన డబ్బుల్లో సుమారు మూడు వేల రూపాయలు. బరువైన సరుకుకు పర్వాలేదు. అర కిలో కూడా తూగని మగ్గం బ్లౌజుకు ఎనిమిది వేలు అయిందనుకోండి, ఈ లెక్కన చేతికొచ్చేది పదిహేను వందలు. తేలిక సరుకు, ఎక్కువ ఖరీదు అయితే విలువ ముందే రాయించి, దానికి తగ్గ అదనపు ఛార్జీ కట్టండి. ఒప్పందంలోనే ఆ వీలు ఉంది, అప్పుడు పరిమితి మీరు రాయించిన విలువ దాకా పెరుగుతుంది. ఇన్సూరెన్స్ అయితే పాలసీ కాగితం మీ పేరున ఇమ్మనండి.

ఇక బరువు. పెద్ద కొరియర్లు మామూలుగా పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, ఆ సంఖ్య అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. పెద్ద అట్టపెట్టెలో చిన్న వస్తువు పెట్టకండి.

పోస్టాఫీసు సంగతి వేరే. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పోస్టు సంచుల విషయంలో విమాన సంస్థ జవాబు చెప్పేది పోస్టు శాఖకు మాత్రమే. మీకు జవాబు చెప్పాల్సింది పోస్టు శాఖే. 1874లో బెర్న్‌లో మొదలైన యూనివర్సల్ పోస్టల్ యూనియన్‌లో ఇప్పుడు 192 దేశాలున్నాయి, మన దేశం 1876లోనే చేరింది. ఆ నియమాల ప్రకారం పార్సిల్ ఏమైందో విచారించమని పోస్టు చేసిన మరుసటి రోజు నుంచి ఆరు నెలల్లోపు అడగాలి. అక్కడున్న మీ అమ్మాయి అక్కడి పోస్టాఫీసుకు వెళ్తే, పంపినవారినే వాళ్ల దేశంలో ఫిర్యాదు చేయమనండి అని చెప్పడం మామూలే. మీరు కడప కౌంటర్‌లోనే రాసివ్వాలి. పరిహారానికి పరిమితి ఉంటుంది, ఆలస్యానికి సాధారణంగా పరిహారం ఉండదు.

2024 జూన్ 18 నుంచి 1898 నాటి పాత చట్టం పోయి కొత్త పోస్టాఫీసు చట్టం వచ్చింది. ఉత్తరాలు చేరవేసే ప్రత్యేక హక్కు ప్రభుత్వానిదే అన్న మాట అందులో లేదు. కానీ సరుకు పోయినా పాడైనా నియమాల్లో రాసినంత వరకే బాధ్యత అనే మాట మాత్రం అలాగే ఉంది. పోటీకి దిగిన సంస్థ బాధ్యతలో కూడా పోటీ పడాలని నా అభిప్రాయం. అయినా మారుమూల అడ్రసులకు, చిన్న పార్సిళ్లకు నేను ఇప్పటికీ ఈఎంఎస్‌నే (పోస్టాఫీసు వాళ్ల అంతర్జాతీయ స్పీడ్ పోస్టు) వాడతాను. నంబర్ మొదట E తో మొదలయ్యే రెండు ఇంగ్లీషు అక్షరాలు, చివర IN అని రెండు అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు ఉంటాయి. అదే నంబర్ అవతలి దేశపు పోస్టు వెబ్‌సైట్‌లోనూ పనిచేస్తుంది.

అమెరికాకు పంపేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. 800 డాలర్ల లోపు సరుకుకు అక్కడ సుంకం లేని రోజులు 2025 ఆగస్టు 29తో పోయాయి. సుంకం ఎవరు వసూలు చేయాలి, ఎవరు కట్టాలి అనేది తేలక విమాన సంస్థలు సరుకు తీసుకోలేమన్నాయి. మన పోస్టు శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికా బుకింగులు చాలావరకు ఆపింది. అక్టోబర్ 15న, సుంకం ఇక్కడే ముందుగా కట్టించుకునే పద్ధతిలో మళ్లీ మొదలుపెట్టింది. ఆ రోజుల్లో నా కస్టమర్లకు పండగ బ్లౌజుల టెన్షన్ అంతా ఇంతా కాదు. సుంకం రేట్లు మారుతుంటాయి, పార్సిల్ వేసే రోజే అడగండి. సుంకం మీరు కడుతున్నారా, అందుకునేవారు కడతారా అనేది కాగితం మీద రాయించుకోండి. లేదంటే అవతలివాళ్లు కట్టనంటే సరుకు అక్కడే ఆగిపోతుంది.

అమ్మిన వస్తువును 'గిఫ్ట్' అని రాయకండి. విలువ తగ్గించి రాసినా అంతే. కస్టమ్స్‌లో దొరికితే ఇబ్బంది, పోతే వచ్చే పరిహారం కూడా ఆ తక్కువ విలువకే. నాలాగా వ్యాపారంగా పంపేవాళ్లు 500 రూపాయల ఫీజుతో ఐఈసీ కోడ్ (ఎగుమతి, దిగుమతి చేసేవాళ్లకు ఇచ్చే నంబర్) తీసుకోండి. పోస్టు శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల్లో ఎగుమతి బిల్లు పని కూడా చూస్తారు.

తిండి వస్తువుల్లో మటన్ పచ్చడి యూరప్, అమెరికాలకు వద్దే వద్దు. గల్ఫ్‌కు పంపే మసాలాలో గసగసాలు లేకుండా చూడండి. యూఏఈ, సౌదీల్లో అవి మత్తు పదార్థాల కింద లెక్క, అందుకున్న పిల్లలు జైలుకు పోవాల్సి రావచ్చు. ఇంట్లో చేసిన శెనక్కాయల పొడి, కజ్జికాయలు అమెరికాలో ఉన్నవాళ్లకు బహుమతిగా పంపితే అక్కడి ఆహార శాఖకు ముందస్తు నోటీసు అక్కర్లేదు. కొన్న మిఠాయికి అది కావాలి. ప్యాక్ చేసేటప్పుడు వస్తువులకు, తూకం మీద పెట్టెకు, అంటించిన లేబుల్‌కు ఫోటోలు తీసుకోండి.

పెట్టె పగిలి వస్తే కొరియర్‌కు రాతపూర్వక ఫిర్యాదు 14 రోజుల్లోపు వెళ్లాలి, ఆలస్యమైతే 21 రోజులు. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు, మెయిల్ పెట్టండి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చని 2019 చట్టం చెబుతోంది. ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. బతుకుదెరువు కోసం సొంతంగా చిన్న పని చేసుకునేవాళ్లు కూడా వినియోగదారులే. ఆ రెండేళ్లూ బిల్లు, ఫోటోలు, మెయిళ్లు పడేయకండి. బిల్లు మీద సిరా వెలిసిపోతుంది, తీసుకున్న రోజే ఒక జిరాక్స్ తీయించి పెట్టుకోండి.