గండికోటకు బయలుదేరే ముందు

సంక్రాంతి సెలవులకు గండికోట అనుకుంటున్నారా, ఇవి చూసుకోండి.

లోయ అంచున సెల్ఫీలు వద్దు. పెన్న వైపు బండల మీద చాలా చోట్ల రెయిలింగ్ లేదు, చెప్పు కింద చిన్న గులకరాయి దొర్లినా పట్టుకోవడానికి ఏమీ దొరకదు, పిల్లల చెయ్యి అయితే అస్సలు వదలొద్దు.

హవాయి చెప్పులు కాదు, పట్టున్న బూట్లు.

నీళ్లు మనిషికి రెండు లీటర్లు. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ తిరిగేసరికి గొంతు ఎండిపోతుంది, మన కడప ఎండ జనవరి మధ్యాహ్నమైనా చురుక్కుమంటుంది.

తిరుగు బండి ముందే మాట్లాడుకోండి. దగ్గరి టౌన్ జమ్మలమడుగు దాదాపు 15 కిలోమీటర్లు, సూర్యాస్తమయం చూశాక చీకట్లో వెతుక్కుంటే టెన్షనే.

గోడల మీద పేర్లు చెక్కొద్దు, దయచేసి. ఆ రాయి మళ్లీ మామూలుగా అవ్వదు.