ఫోన్ చేసి ఆవాలు ఎక్కడని అడగాల్సిన పని లేని వంటిల్లు

పోయిన ఏడాది మా ఆవిడ చుట్టాల పెండ్లికని మూడు రోజులు ప్రొద్దుటూరు వెళ్ళింది. మొదటిరోజు పొద్దున పిల్లలకు బొరుగుల ఉగ్గాని చేద్దామని నేను వంటింట్లోకి దూరాను. బొరుగులు దొరికాయి. పుట్నాలు దొరకలేదు, ఫోన్ చేశాను. తిరగవాత గింజలు దొరకలేదు, మళ్ళీ ఫోన్. పసుపు అనుకొని వేసింది శనగపిండి అని తేలాక ఇంకో ఫోన్. ఐదోసారి మా అత్త ఎత్తి, "బిడ్డను పెండ్లి చూడనీ నాయనా" అనింది. పదిహేనేండ్లుగా ఆ వంటింటి తిండి తింటున్నాను, ఉప్పు డబ్బా ఏదో తెలీదు! తప్పు నాదే, కాదనను. కానీ ఏది ఎక్కడుందో ఒక్క మనిషికి మాత్రమే గుర్తుండేట్టు పేర్చిన వంటింట్లో ఆ మనిషికి ఎప్పటికీ సెలవు దొరకదు కదా. ఆమె తిరిగొచ్చాక రెండు ఆదివారాలు కూర్చొని వంటిల్లంతా మార్చాం. కడపలో మాది పాత ఇల్లు, వంటిల్లు ఎనిమిదికి పది అడుగులు, మాడ్యులర్ కిచెన్ లాంటివేం లేవు.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది, డబ్బాలు కొనొద్దు. మేము ఉత్సాహంలో ఒకే సైజువి ఇరవైనాలుగు ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చి, తీరా చూస్తే సగం దేనికీ పనికిరాలేదు. కిలో రాగిపిండి లీటరు డబ్బాలో పట్టదు, దాదాపు రెండు లీటర్లది కావాలి, మెంతులకేమో గుప్పెడంత డబ్బా చాలు. ఏ సరుకు ఎంత తెస్తారో చూసుకున్నాకే డబ్బాల సంగతి.

కాబట్టి మొదటి పని, ఉన్నవన్నీ బయటికి తీయడం. ఎండాకాలమైతే తెల్లారకముందే మొదలుపెట్టండి, పది దాటితే మన ఊళ్ళో ఆ పని చేయలేరు. బోకులన్నీ హాల్లో దుప్పటి పరిచి పెట్టి మూడు కుప్పలు చేయండి: రోజూ వాడేవి, వారానికోసారి వాడేవి, ఓలిగలకో (బొబ్బట్లకో) చుట్టాలొస్తేనో దించేవి. మా ఇంట్లో నాలుగో కుప్ప కూడా తేలింది, ఎందుకున్నాయో ఎవరికీ తెలియనివి. గిన్నెల్లేని మూతలు పదకొండు, మోటారు ఎప్పుడో కాలిపోయిన మిక్సీ తాలూకు జార్లు మూడు! అవన్నీ పాత సామాన్లవాడికి వేశాం. మా అమ్మ ఒక సత్తు గిన్నెను మాత్రం వెనక్కి తెచ్చుకుంది, దాని గురించి మాట్లాడొద్దంది, మాట్లాడలేదు.

సరుకు రకాన్ని బట్టి కాకుండా పనిని బట్టి పేర్చాలన్నది రెండోది, నా లెక్కలో అసలైనది. పప్పులన్నీ ఒకచోట, పొడులన్నీ ఒకచోట అని పేరిస్తే చూడ్డానికి అంగడిలా బాగుంటుంది కానీ వండేటప్పుడు అటూ ఇటూ తిరగడమే సరిపోతుంది. తిరగవాతకు కావాల్సినవన్నీ, అంటే తిరగవాత గింజలు, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు, నూనె, పసుపు, ఉప్పు, కారం, పట్టకారు, గరిటె, పొయ్యి ముందు నిలబడి చెయ్యి చాస్తే అందాలి. నూనె కాగాక వెతుక్కునే టైం ఉండదు. కత్తి, పీట, ఎర్రగడ్డల (ఉల్లిపాయల) బుట్ట సింకు పక్కన. ఉర్లగడ్డలు (బంగాళాదుంపలు) మాత్రం ఎర్రగడ్డల బుట్టలో కలపొద్దు, ఆ తేమకు ఎర్రగడ్డలు మెత్తబడతాయి. టీ పొడి, చక్కెర, గ్లాసులు తలుపు దగ్గర గూట్లో పెట్టాం, ఎందుకంటే టీ కోసం వచ్చేవాళ్ళు వంట చేసేవాళ్ళకు అడ్డం పడకుండా తీసుకొని పోవచ్చు. మా ఇంట్లో సగం గొడవలు దీంతోనే తగ్గాయి.

గట్టు ఎత్తు సంగతి. కొత్తగా కట్టించేవాళ్ళు మేస్త్రీ చెప్పిన కొలతకు ఊ అనేయకుండా, వంట ఎక్కువగా చేసే మనిషిని నిలబెట్టి మోచెయ్యి మడిచి కొలవండి, దానికంటే నాలుగైదు అంగుళాలు కింద గట్టు ఉంటే కూరగాయలు తరగడానికి నడుము వంగదు. కానీ సంగటికి ఈ లెక్క కుదరదు. సంగటి కెలకాలంటే పైనుంచి బరువు పడాలి, అంత ఎత్తు గట్టు మీద పెడితే భుజాలు పోతాయి. అందుకే మా అమ్మ గిన్నె కిందికి దించి, పాదాలతో అదిమిపట్టి కెలికేది. మేము ఒక మూల అడుగెత్తు దిమ్మె కట్టించి, పక్కన గోడకు కొక్కెం కొట్టి సంగటి కట్టె తగిలించాం. రోలు కూడా అక్కడే. ఇప్పుడు నాకు, మావాడికి కూడా ముద్ద గడ్డలు కట్టకుండా వస్తోంది, అయితే మావాడి ముద్దకు ఆకారం ఇంకా రాలేదు.

అరలకు మేము పెట్టింది కడప బండలే. చెక్క అలమరాలకు చెదల భయం, పొట్టుతో చేసిన బోర్డులు నీళ్ళు తగిలితే ఉబ్బుతాయి, బండకు ఆ రెండూ లేవు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, నల్లగా ఉన్నా అది సున్నపురాయి. నిమ్మకాయ రసం, చింతపండు పులుసు, వెనిగర్ పడితే అక్కడ పాలిపోయిన మరక పడుతుంది, ఎంత రుద్దినా పోదు, ఎందుకంటే అది మురికి కాదు, రాయి పైపొరే తినేసింది. పడిన వెంటనే తడిగుడ్డతో తుడవండి, నిమ్మకాయ కోసేటప్పుడు కింద పళ్ళెం పెట్టండి, బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం ఎప్పుడూ పోయొద్దు. అర వెడల్పు అడుగు మించొద్దు. వెడల్పు ఎక్కువైతే వెనక వరుసలో పెట్టినవి వచ్చే ఉగాదికి గానీ కనిపించవు.

డబ్బాల మీద చీటీలు అంటించే పని పిల్లలకు ఇచ్చాం. పేరు, నింపిన తేదీ. మా పాప "జీలకర్ర"ను "జిలకర" అని రాసింది, దిద్దలేదు, అందరికీ అర్థమవుతుంది. తేదీ ఎందుకంటే చెనిక్కాయల (వేరుశనగల) పొడి, సజ్జపిండి తొందరగా ముక్కిపోతాయి, కొద్దికొద్దిగా చేసుకోవడమే మంచిది. చెనిక్కాయ గింజలు బాగా ఎండినవే డబ్బాలో పోయాలి. బూజు పట్టినవి కనిపిస్తే ఏరి వేయించుకుందాంలే అనుకోవద్దు, ఆ బూజు వల్ల పుట్టే విషం వేయించినా పూర్తిగా పోదు. కందిపప్పుకు ఆముదం పట్టించి ఎండబెట్టే పాత పద్ధతి మేము ఇప్పటికీ వదల్లేదు. ఎండకు మనకేం కరువు!

గ్యాస్ దగ్గర మాత్రం తమాషా వద్దు. అందంగా ఉంటుందని సిలిండర్‌ను తలుపులున్న అరలో మూసేస్తుంటారు. ఈ గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే కిందనే పేరుకుంటుంది, కాబట్టి ఆ తలుపు అడుగున గాలి పోయే రంధ్రాలు ఉండాల్సిందే. సిలిండర్ నిలువుగానే ఉండాలి, పొయ్యి దానికంటే ఎత్తులో ఉండాలి, రబ్బరు ట్యూబు ఐదేండ్లకోసారి మార్చాలి. మాది తీసి చూస్తే గడువు దాటి రెండేండ్లయింది. వాసన వస్తే స్విచ్చులేవీ ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తెరిచి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి. ఆ నంబర్ చీటీ కూడా మా పాపే రాసి తలుపుకు అంటించింది.

ఇక సరదా విషయానికొస్తే, వంటింట్లో కూర్చోవడానికి చోటుంటే మనుషులు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. మేము పెట్టింది రెండు ఎత్తుపీటలు, కిటికీలో ఒక పాత రేడియో, గోడకు ఒక పలక. ఏ డబ్బా ఖాళీ చేసినవాళ్ళు ఆ పేరు పలక మీద రాయాలి, రాయకపోతే ఆ పూట బోకులు కడగాలి. నేను ఇప్పటికి నాలుగుసార్లు కడిగాను. ఆదివారం పొద్దున ఉగ్గాని, బజ్జీ మాది, అంటే నాదీ పిల్లలదీ. పాప బొరుగులు నీళ్ళలో ముంచి పిండుతుంది, మావాడు పుట్నాల పొడి కొడతాడు, నూనె దగ్గర నేను. మా ఆవిడ ఎత్తుపీట మీద కూర్చొని టీ తాగుతూ చూస్తుంది, మొదట్లో అరనిమిషానికోసారి లేచేది, ఇప్పుడు లేవడం మానేసింది.

పోయిన నెల మళ్ళీ ఊరెళ్ళింది, ఈసారి నాలుగు రోజులు. ఒకే ఒక్క ఫోన్, అదీ మావాడు చేసింది, పప్పులోకి ఉప్పు ఎంత వేయాలని. దానికి చీటీ రాయలేదు మేము.