ఫేజ్ చికిత్స: సీసా మీది అంకెను నమ్మకండి

ఫేజ్‌లంటే బాక్టీరియాను చంపే వైరస్‌లు. లేబుల్ మీద ఎన్ని ఫేజ్‌లని రాసి ఉన్నా రోగికి అన్నీ అందవు. కాలిన గాయాలపై జరిగిన ఫాగోబర్న్ ట్రయల్ దెబ్బతిన్నది ఇక్కడే. మిల్లీలీటరుకు 10⁶ ఇవ్వాలనుకుంటే, నిల్వలో ఫేజ్‌లు చచ్చిపోయి మోతాదు ఇంచుమించు 10²కి పడిపోయింది. అందుకే వాడే ముందు లెక్క మళ్లీ చూసుకోవాలి.

ముందు ఫేజ్‌ను ఎంచుకోవాలి. పరీక్ష ఆ రోగి నుంచి తీసిన బాక్టీరియా మీదే చేయాలి, ల్యాబ్‌లో పెంచుకునే రకం మీద కాదు. ప్లేటు మీద చుక్క వేసిన చోట తేటపడగానే సంబరపడొద్దు. ఎక్కువ ఫేజ్‌లు ఒక్కసారిగా మీద పడినా బాక్టీరియా పగిలిపోతుంది, అక్కడ ఫేజ్ పెరగకపోయినా సరే. పదింతల చొప్పున పలుచన చేస్తూ పోతే విడివిడిగా ప్లాకులు (ఫేజ్ పెరిగి బాక్టీరియాను చంపిన చోట కనిపించే తేట మచ్చలు) రావాలి.

లెక్కకు 0.1 మి.లీ. ఫేజ్, అంతే బాక్టీరియా కల్చర్ కలిపి, 45 డిగ్రీల దగ్గర ఉంచిన 3–4 మి.లీ. పల్చటి అగార్‌లో వేసి ప్లేటు మీద పోయండి. అగార్ మరీ వేడిగా ఉంటే బాక్టీరియా చచ్చి, ప్లేటంతా బోసిగా మిగులుతుంది. మర్నాడు 30–300 ప్లాకులున్న ప్లేటునే లెక్కపెట్టాలి. 10⁻⁶ పలుచనలో 45 వస్తే మి.లీ.కు 4.5×10⁸. అంటే 10⁹ మోతాదుకు దాదాపు 2.2 మి.లీ. కావాలి.

నరంలోకి ఎక్కించేటప్పుడు ఎండోటాక్సిన్ (బాక్టీరియా పైపొర నుంచి వచ్చే విషం) సంగతి మరవకూడదు. గ్రామ్ నెగటివ్ బాక్టీరియాలో పెంచిన ఫేజ్‌తో పాటు అదీ వస్తుంది. గంటకు కిలోకు 5 యూనిట్లు దాటకూడదు కాబట్టి 60 కిలోల మనిషికి పరిమితి 300. మి.లీ.కు 1000 యూనిట్లున్న తయారీలో పై 2.2 మి.లీ. ఒక గంటలో ఎక్కిస్తే 2200 యూనిట్లు లోపలికి పోయినట్టే. 0.22 మైక్రాన్ వడపోత బాక్టీరియాను ఆపుతుంది, ఎండోటాక్సిన్‌ను ఆపదు. దానికి విడిగా శుద్ధి చేయాల్సిందే.

జన్యుక్రమంలో ఇంటిగ్రేజ్ (ఫేజ్‌ను బాక్టీరియా డీఎన్ఏలో కలిపేసేది), విషం, యాంటీబయాటిక్ నిరోధకత జన్యువులు కనిపిస్తే ఆ ఫేజ్‌ను పక్కన పెట్టండి.

నిల్వ 4 డిగ్రీల దగ్గర, మెగ్నీషియం ఉన్న బఫర్‌లో. గడ్డకట్టిస్తే కొన్ని రకాలు చెడిపోతాయి. నోటి ద్వారా ఇస్తే కడుపులోని ఆమ్లం చంపేస్తుంది, ముందుగా బైకార్బొనేట్ ఇవ్వడం అందుకే. నెబ్యులైజర్‌లోనూ కొంత పోతుంది. ఎంత పోతుందో ఆ పరికరంతోనే కొలవాలి.

చికిత్స నడుస్తుండగా నమూనా మళ్లీ తీయండి. పెరిగిన బాక్టీరియాకు పాత ఫేజ్ పట్టకపోతే వేరే ఫేజ్ చూడాలి. బాక్టీరియాకు ఇంకా పడుతున్నా రోగిలో ఫలితం తగ్గిందంటే, రక్తంలో యాంటీబాడీలు పుట్టి ఫేజ్‌ను అడ్డుకుంటున్నాయేమో పరీక్షించాలి.